లుసైల్‌లో మూడుముక్కలాట

నేటి, అనగా 2025 నవంబరు 30, ఆదివారపు రాత్రి 9.30 గంటలకు, ఖతార్ దేశపు గడియారములు ఏడు గంటలు చూపువేళ, దోహా నగరమునకు ఉత్తరమున నున్న లుసైల్ వలయముపై 20 కార్లు జంటవరుసలుగా నిలిచి, ఎదుట నున్న ఎర్రదీపములు అయిదును ఒకదాని వెంట నొకటి వెలిగి ఒక్కసారిగా ఆరిపోవు క్షణమునకై కాచుకొని యుండును. ఆ ఇరువదింటిలో మూడింటి మీదనే లోకము చూపు నిలిచియున్నది. మెక్‌లారెన్ జట్టుకు చెందిన లాండో నోరిస్ 390 పాయింట్లతో అగ్రస్థానమున నున్నాడు. అదే జట్టులో అదే నారింజరంగు కారు నడుపుచున్న ఆస్కార్ పియాస్ట్రికి 366. గడచిన నాలుగు సంవత్సరములును ఎడతెగక జగజ్జేతగా నిలిచిన రెడ్‌బుల్ చోదకుడు మ్యాక్స్ వెర్‌స్టాపెన్‌కును సరిగ్గా 366. శనివారపు చిన్న రేసు, అనగా స్ప్రింట్, గెలిచినవానికి 8, నేటి పెద్ద రేసు గెలిచినవానికి 25, వచ్చే ఆదివారము అబుధాబిలో జరుగు కడపటి రేసుకు మరి 25, వెరసి 58 పాయింట్లు మాత్రమే ఈ ఏటికి మిగిలినవి. ఈ అనుబంధము అచ్చుకు పోవునాటికి స్ప్రింట్ ఇంకను జరుగలేదు గనుక ఆ లెక్కను పాఠకులే కలుపుకొనవలెను. ఈ మూడు దినములలో తక్కిన ఇద్దరికన్నను రెండేసి పాయింట్లు అధికముగా సంపాదింపగలిగినచో నోరిస్ ఖతార్‌లోనే కిరీటము ధరించును. లేనిచో కథ అబుధాబికి పోవును.

ఇట్టి సమయమున జనులు మాటలాడుకొను తీరు ఎల్ల దేశములందును ఒక్కటే. సంక్రాంతి పందెములకు ముందునాటి రాత్రి మన పల్లెలలో రచ్చబండ చుట్టును చేరినవారు ఒంగోలు జతల పాత గెలుపోటములను, యజమానుల పంతములను, పొలముగట్టు తగాదాలను కలగలిపి రేపటి పైచేయి ఎవరిదో తేల్చివేసినట్లే, కార్ల పందెపు విమర్శకులును వారము దినములుగా ఎవని గుండె దిటవు, ఎవని చేయి నిబ్బరము, ఎవడు ఎవనిని నేటికిని క్షమింపలేదు అను ప్రసంగములతోనే కాలక్షేపము చేయుచున్నారు. అందు తప్పేమియు లేదు. మనుష్యుల పంతములే లేనిచో ఈ యంత్రముల రొదను విన నెవరు మేలుకొని కూర్చుందురు? అయినను లుసైల్ వలయమునకు ఒక విచిత్రమైన అలవాటు కలదు. అది పుట్టిన ఈ 21 సంవత్సరములలో అక్కడ జరిగిన పెద్ద పోరాటములను వరుసగా తలచుకొన్నచో, ఇద్దరు శూరులు ముఖాముఖిగా తేల్చుకొనవలసిన వివాదమును ఇసుకయో, టైరో, రెండంగుళముల గట్టో, అధికారుల సంతకమో తేల్చివేసిన సందర్భములే హెచ్చుగా కనబడును.

ఈ వలయము వెలసిన చోటు ఎట్టిదో ముందుగా చెప్పవలెను. 2004లో, పని మొదలుపెట్టిన ఒక సంవత్సరము లోపలనే, ఎడారి నడుమ దీనిని నిర్మించిరి. చుట్టుకొలత 5.419 కిలోమీటర్లు, మలుపులు 16, ముఖ్యవీథి ఒక్కటే కిలోమీటరును మించిన సూటిబాట. ఆ దేశమున వాయవ్యము నుండి వీచు గాలిని షమాల్ అందురు. అది కదలిన దినమున సన్నని ఇసుక పిండివలె కాక అద్దకపు పొరవలె బాటమీద పరచుకొనును. దానిని కొంతైనను ఆపుటకై బాట కిరువైపులను పచ్చని కృత్రిమ తృణమును పరచినారు. దూరమునుండి చూచువారికి అది మరుభూమిలో మొలచిన పచ్చికబయలని భ్రమ గొలుపును. ఎంత పరచినను ఇసుక ఇసుకయే. కార్లు పలుమార్లు నడచిన సన్నని గీత మాత్రము రబ్బరంటి నల్లబడి పట్టునిచ్చును. ఆ గీతకు బారెడు దూరము తొలగిన చక్రము జారిపోవును. కనుక శుక్రవారము మందముగా నుండు బాట శనివారమునకు చురుకెక్కి ఆదివారమునకు పరుగునకు సిద్ధమగును. పగటి వేడిమి కోర్వలేక ఇక్కడి రేసులను రాత్రికి మార్చిరి. 2008 మార్చి 9న వేలకొలది విద్యుద్దీపముల వెలుగులో ఇక్కడ జరిగిన మోటారు సైకిళ్ల రేసే మోటోజీపీ చరిత్రలో మొదటి రాత్రిపందెము. ఫార్ములా వన్ కార్లు సింగపూరులో రాత్రివేళ పరుగెత్తుటకు అది ఆరు నెలలు ముందటి మాట. నాడు గెలిచినవాడు కేసీ స్టోనర్.

కాని లుసైల్ పేరు మొదట మారుమ్రోగినది దీపముల వలన కాదు, ఒక స్కూటరు వలన. 2004 అక్టోబరు 2వ తేదీన ఈ వలయముపై జరిగిన మొట్టమొదటి మోటోజీపీ రేసునాటికి ఇటలీ దేశీయుడు వాలెంటీనో రోస్సీకిని, స్పెయిన్ దేశీయుడు సెటె జిబర్నావ్‌కును మధ్య ఆ యేటి కిరీటమునకై పోరు నడచుచుండెను. అంతకు ముందు సంవత్సరము వరకు హోండా మీద నెగ్గుచు వచ్చిన రోస్సీ ఆ యేడే యమహాకు మారినాడు; జిబర్నావ్ హోండా మీద నున్నాడు. ఇద్దరును బహిరంగముగా నవ్వుచు మాటలాడుకొనువారే. రేసు ముందటి రాత్రి, రోస్సీ నిలువవలసిన ప్రారంభస్థానము ఇసుకతో నిండియున్నదని, అతని పనివారు ఒక చిన్న స్కూటరును తెచ్చి, దాని వెనుక చక్రమును ఆ చోటనే గిర్రున త్రిప్పి, నేలకు రబ్బరు పూసిరి. మరియొక చోదకుడు మాక్స్ బియాజీ మనుష్యులును తమవాని చోటును చీపుళ్లతో ఊడ్చిరట. మరునాడు హోండా పక్షమువారు ఫిర్యాదు చేసిరి. అధికారులు విచారించి రోస్సీని, బియాజీని వరుసలో అందరికన్నను వెనుకకు పంపివేసిరి.

ఇందు ధర్మాధర్మములను నేడు విచారింపబూనినను తేలునట్టివి కావు. నేలను ఊడ్చుట నేరమా యని యొకరు, అందరికిని ఒక్కటే నేల గావలెను గదా యని మరియొకరు వాదింతురు. ఇద్దరి మాటలోను న్యాయము కలదు. రోస్సీ మాత్రము ఈ ఫిర్యాదు వెనుక జిబర్నావ్ హస్తమున్నదని దృఢముగా నమ్మెను. కడపటి స్థానమునుండి బయలుదేరి, కొలది చుట్లలోనే పదునెనిమిది ఇరువది మందిని దాటి నాలుగవవాడై, అదే ఊపున హద్దు మీరి, ఆ కృత్రిమ తృణము మీదికి జారి పడిపోయెను. జిబర్నావ్ గెలిచెను. ఇకమీదట వానిని ఎన్నడును గెలువనీయనని రోస్సీ శపథము పట్టినాడని నాడే ప్రచారమయ్యెను. వారము దినముల తరువాత మలేషియాలో గెలిచి, చీపురు పట్టి బాటనూడ్చు అభినయముతో ప్రేక్షకులను నవ్వించెను. అక్టోబరు 17న ఆస్ట్రేలియాలో కిరీటమును చేకొనెను. మనము శాపములను నమ్మినను నమ్మకున్నను సంగతి ఇది: లుసైల్ గెలుపే జిబర్నావ్ జీవితమున కడపటి మోటోజీపీ విజయము. ప్రపంచమున ఎన్నియో గొప్ప పందెపుబాటలు కలవు గాని, తన మొదటి దినముననే ఇంత కథను కన్న బాట మరియొకటి కలదని నేననుకొనను.

ఫార్ములా వన్ ఇక్కడికి వచ్చినది 2021 నవంబరు 21న. అప్పుడు ప్రత్యర్థులు హామిల్టన్, వెర్‌స్టాపెన్. వారి వైరము అప్పటికే పండి కాయ పగులు దశకు వచ్చియుండెను. వెర్‌స్టాపెన్ 14 పాయింట్లు ముందున్నాడు. మూడు రేసులు మిగిలియున్నవి. శనివారపు అర్హతాపోటీ ముగింపులో పియెర్ గాస్లీ కారు టైరు చినిగి ముఖ్యవీథిలో నిలిచిపోగా, అపాయసూచకముగా పసుపుజెండాలు జంటగా ఊపిరి. వెర్‌స్టాపెన్ వేగము తగ్గింపక దాటిపోయెను. ఆ రాత్రి ఏమియు తేలలేదు. మరునాడు పంచాయితి జరిగి, రేసు ఆరంభమగుటకు కొంచెము ముందు మాత్రమే, రెండవ స్థానమునుండి ఏడవ స్థానమునకు అతనిని దింపు తీర్పు వెలువడెను. అతడు అయిదు చుట్లు తిరుగక మునుపే రెండవ స్థానమునకు ఎగబ్రాకెను గాని అప్పటికి హామిల్టన్ అందరాని దూరమున నుండెను. హామిల్టన్ ప్రథముడు, వెర్‌స్టాపెన్ ద్వితీయుడు. ఏడేండ్ల ఎడము తరువాత విజేతల మెట్టెక్కిన అలోన్సో తృతీయుడు. అంతరము 8 పాయింట్లకు తగ్గినది. తరువాత అబుధాబిలో జరిగిన కడపటి రేసున వెర్‌స్టాపెన్ కిరీటమును చేకొన్న కథను అందరును ఎరుగుదురు గనుక ఇక్కడ మరల చెప్పనక్కరలేదు.

ఖతార్ వాసులకు మాత్రము ఈ యూరపు వారి తగవులకన్న తమ ఇంటివాడు ముఖ్యుడు. నాసర్ అల్ అతియా అనునాతడు ఎడారి ర్యాలీలలో ఆరితేరిన చోదకుడు. డకార్ ర్యాలీని 2011, 2015, 2019, 2022, 2023 సంవత్సరములలో గెలిచినాడు. అది చాలక 2012 లండన్ ఒలింపిక్ క్రీడలలో తుపాకి పట్టి స్కీట్ షూటింగులో కాంస్యపతకమును కూడ తెచ్చినాడు. 2010లో వేల కిలోమీటర్లు పరుగెత్తిన పిమ్మట 2 నిమిషముల 12 సెకన్ల తేడాతో డకార్‌ను ఇతని చేతినుండి లాగుకొన్నవాడు కార్లోస్ సైన్జ్. వారిద్దరును నాడు ఒక్క జట్టువారే! ఆ సైన్జ్ కుమారుడే, తండ్రి పేరే పెట్టుకొన్నవాడే, నేటి రాత్రి విలియమ్స్ కారులో కూర్చుండును. ఇసుకలో ఇసుకగా పరుగెత్తు పందెమునకును, ఇసుకను ఊడ్చి పరుగెత్తు పందెమునకును గల భేదమును ఈ రెండు తరములు చూచినవి.

2022లో ఫుట్‌బాల్ ప్రపంచకప్పు కారణముగా ఇక్కడ ఫార్ములా వన్ జరుగలేదు. 2023లో తిరిగి వచ్చినప్పుడు పోరాటమనునది పేరుకు మాత్రమే మిగిలియుండెను. వెర్‌స్టాపెన్ శనివారపు స్ప్రింట్‌లో రెండవవాడై, తన జట్టువాడు పెరెజ్ కారు ఇసుకపాలు కాగా, ఆదివారము రాకముందే మూడవ కిరీటమును ధరించెను. స్ప్రింట్ గెలిచినవాడు నాడు తొలియేటి విద్యార్థి పియాస్ట్రి. అయినను ఆ రేసును చూచినవారు జన్మలో మరువరు. మలుపుల అంచున 50 మిల్లీమీటర్ల ఎత్తున చిన్నచిన్న గోపురములవలె కట్టిన కాంక్రీటు గట్టులు ఉండెను. గంటకు రెండువందల కిలోమీటర్లకు మించిన వేగముతో వాటిని పదేపదే ఒరసికొనుటచే టైరు ప్రక్కభాగమున పైరబ్బరు లోని దారముల అల్లికనుండి విడిపోవుచున్నదని, శుక్రవారము నడచిన టైర్లను కోసి చూచిన, వాటి తయారీదారులగు పిరెల్లి ఇంజనీర్లు కనిపెట్టిరి. కంటికి కనబడని ఆ చీలికయే ఆదివారపు రేసును శాసించినది: ఏ టైరును 18 చుట్లకు మించి నడుపరాదని ఆజ్ఞ వెలువడెను. టైరును దాచుకొనవలసిన పని లేకపోవుటచే చోదకులు మొదటి చుట్టునుండి కడపటి చుట్టువరకు ఊపిరి బిగబట్టి తరిమిరి. అక్టోబరు నెలలో అక్కడి రాత్రి ఉక్క ఎట్టిదో దోహాలో కాపురమున్న మనవారినడిగిన తెలియును. ఎస్తెబాన్ ఓకాన్ శిరస్త్రాణములోనే వాంతి చేసికొనెను; లోగన్ సార్జెంట్ శోషించి మధ్యలోనే కారు దిగెను; లాన్స్ స్ట్రోల్ వేగపు మలుపులలో కన్నులు చీకట్లు క్రమ్మినవని చెప్పెను. ఆ రాత్రి చూచిన వేదన ఫలితముగానే ఇప్పుడు ఉక్క హద్దు మీరిన రేసులలో చోదకుల ఒంటికి చల్లని ద్రవము ప్రవహించు కవచములను ఏర్పరచినారు. అదే రాత్రి మెక్‌లారెన్ పనివారు నోరిస్ కారు నాలుగు చక్రములను 1.80 సెకన్లలో మార్చి ప్రపంచ రికార్డు స్థాపించిరి. ఈ అంకెను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. వారి చేతి నైపుణ్యము మీద నాకెట్టి సందేహమును లేదు, సందేహమంతయు వారి పైవారి లెక్కల మీదనే.

నిరుడు జరిగినది మరియొక తీరు. కిరీటము అప్పటికే లాస్‌వేగాస్‌లో వెర్‌స్టాపెన్ వశమైనది గనుక ఖతార్‌లో పోరాడుటకేమియు లేదని అందరు ననుకొనిరి. అట్టి ఖాళీ సమయములందే కొత్త వైరములు పుట్టును. అర్హతాపోటీలో వెర్‌స్టాపెన్ ప్రథమస్థానము సంపాదించెను. కాని మెల్లగా తిరుగు చుట్టులో అనవసరముగా మందగించి తనకడ్డు వచ్చినాడని జార్జ్ రస్సెల్ ఆరోపించెను. అధికారుల ఎదుట ఇద్దరును కూర్చుండి వాదించుకొనిరి. ఒక స్థానము వెనుకకు దింపి ప్రథమస్థానమును రస్సెల్‌కే ఇచ్చిరి. ఆ గదిలో రస్సెల్ ప్రవర్తించిన తీరును చూచిన పిమ్మట అతని మీద గౌరవమంతయు నశించినదని వెర్‌స్టాపెన్ పత్రికల ముందు పలికెను. మరునాడు మొదటి మలుపులోనే రస్సెల్‌ను దాటి, మరల వెనుకకు చూడక గెలిచెను. ఇచ్చట మాత్రము, అరుదుగా, ఒక మనిషి కోపమే సూటిగా ఫలితమైనది. అయినను లుసైల్ తన అలవాటును పూర్తిగా మానలేదు: ఒక కారునుండి ఊడి ముఖ్యవీథిలో పడిన ప్రక్కటద్దము కొరకు పసుపుజెండా ఊపగా, వేగము తగ్గింపని నోరిస్‌కు పది సెకన్లు నిలిచిపోవు శిక్ష పడి, రెండవ స్థానమునుండి పదవ స్థానమునకు దిగజారెను.

ఇక నేటి ముగ్గురి విషయము. ఆగస్టు 31న నెదర్లాండ్స్ రేసు ముగిసిననాడు పియాస్ట్రి నోరిస్‌కన్న 34 పాయింట్లు, వెర్‌స్టాపెన్‌కన్న 104 పాయింట్లు ముందుండెను. నాడు వెర్‌స్టాపెన్ పేరెత్తినవానిని పిచ్చివానిగా జమకట్టియుందురు. తరువాత పియాస్ట్రి అజర్‌బైజాన్‌లో దీపములారక ముందే కదలి, మొదటి చుట్టులోనే గోడను గుద్దెను. నోరిస్ మెక్సికో, బ్రెజిల్ రేసులను వరుసగా గెలిచెను. వెర్‌స్టాపెన్ ఇటలీ మొదలుకొని ఒక్కొక్క మెట్టే ఎక్కుచు వచ్చెను. మొన్న లాస్‌వేగాస్‌లో వెర్‌స్టాపెన్ గెలువగా నోరిస్ రెండవవాడు, పియాస్ట్రి నాలుగవవాడు. ఆ లెక్కనే నిలిచియున్నచో నోరిస్‌కు 408, పియాస్ట్రికి 378, వెర్‌స్టాపెన్‌కు 366. అనగా ఖతార్ రేసు ఇద్దరు జతగాండ్ర పెరటి తగవుగా నుండెడిది. కాని గంటల తరువాత మెక్‌లారెన్ కార్లు రెండింటిని పరీక్షించి, వాటి అడుగుభాగమున బిగించిన చెక్కవంటి పలక, అరుగుదల పిదప మిగులవలసిన 9 మిల్లీమీటర్ల మందమునకు వెంట్రుకవాసి తక్కువగా నున్నదని అధికారులు ఇద్దరిని అనర్హులుగా ప్రకటించిరి. ఇద్దరికిని సున్న. మనుష్యుల పోరును పలక తీర్చినది. లుసైల్ అలవాటు లుసైల్ చేరకముందే మొదలైనదన్నమాట.

మెక్‌లారెన్‌వారి చిక్కు వారి న్యాయబుద్ధిలోనే కలదు. ఇద్దరికిని సమానావకాశము, ఒకరినొకరు గుద్దుకొనరాదు. తమ కార్ల రంగును బట్టి ఈ కట్టడికి బొప్పాయి నియమములని పేరు. కెనడాలో నోరిస్ వెనుకనుండి పియాస్ట్రిని గుద్ది తానే చెడెను. ఇటలీలో నోరిస్ చక్రములు మార్చుట ఆలస్యమైనందున ముందుకు వచ్చిన పియాస్ట్రిని, చోటు తిరిగి యిమ్మని జట్టు కోరగా అతడు గొణిగి యిచ్చెను. సింగపూరులో మొదటి చుట్టుననే మరల ఒరసికొనిరి. పెద్దన్నకొక ముద్ద, చిన్నన్నకొక ముద్ద యని తూచి పెట్టు నింట మూడవవాడు విస్తరి లాగుకొనిపోవుట మనము చూడనిది కాదు. 2007లో ఇదే జట్టున హామిల్టన్, అలోన్సో ఒకరినొకరు సహింపలేక యుండగా, కడపటి రేసులో ఫెరారీ చోదకుడు కిమి రైకోనెన్ 110 పాయింట్లతో కిరీటమెత్తుకొనిపోయెను. మెక్‌లారెన్‌వారిద్దరికి చెరి 109. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చుటకు ఇంతకన్న నిదర్శనమేమి కావలెను? పియాస్ట్రికి మేనేజరుగా నున్న మార్క్ వెబర్‌కు ఈ బాధ అనుభవైకవేద్యము: 2013లో మలేషియాలో జట్టు ఆజ్ఞను త్రోసిరాజని జతగాడు వెట్టెల్ తన్ను దాటిపోయిన దినమును అతడు మరచియుండడు. చెవిలో పలుకు ఇంజనీరు మాట శ్రీకృష్ణసారథ్యమా, శల్యసారథ్యమా అన్నది చోదకునికి రేసు ముగిసిన తరువాత గాని తెలియదు. వెర్‌స్టాపెన్‌కు ఈ సందేహము లేదు. అతని జట్టులో రెండవ కారు అతని కడ్డు రాదు, అతనితో పోటీపడదు.

నాకు నేటి రాత్రి మలుపులకన్న లెక్కలే మిక్కిలి భయము గొలుపుచున్నవి. నిరుడు ఈ వలయముపై ఎడమచేతి ముందుటైర్లు కడవరకు అరిగిపోయినందున, ఈ సారి ఏ టైరును 25 చుట్లకు మించి నడుపరాదని పిరెల్లివారు ముందుగనే నిర్ణయించినారు. రేసు 57 చుట్లు. రెండు జతలతో 50కి మించి నడువదు గనుక ప్రతి చోదకుడును కనీసము రెండు మారులు చక్రములు మార్చుకొనుటకై పిట్‌లో ఆగి తీరవలెను. ఒక్కొక్క విరామమునకు పాతిక సెకన్ల పైచిలుకు నష్టము. ఇప్పుడు 57లో 50 తీసివేసిన మిగులు 7. ఏడవ చుట్టుకు ముందే తొలిసారి ఆగినవానికి రెండు విరామములు చాలవు, మూడవది తప్పదు. ఏడవ చుట్టు ముగియగానే ఆగినవానికి పిదప సరిగ్గా ఇరువదియైదు, ఇరువదియైదు. కావున ఏడవ చుట్టు సమయమున ఎక్కడనైనను రెండు కార్లు గుద్దుకొని సేఫ్టీకారు వచ్చినదనుకొందము. అందరును మందముగా తిరుగుచున్నప్పుడు పిట్‌కు పోయినవానికి నష్టము సగమునకు తగ్గును. ఒంటికారు గలవాడు రెప్పపాటున నిర్ణయించుకొనును. ముందు వెనుకలుగా రెండు కార్లు గలవారికి, ఎవరిని ముందు పిలువవలెను, రెండవవాడు వెనుక నిలిచి ఎన్ని సెకన్లు పోగొట్టుకొనును, అతనికి అన్యాయము జరిగినదని లోకమనునా, ఇద్దరిని ఆపక బయటనే ఉంచినచో నేమి యను ధర్మసందేహములు పుట్టును. ఈ సందేహములకు సమయము పది పండ్రెండు సెకన్లు మాత్రమే. వేగమున మెక్‌లారెన్ కారు ఈ వలయమునకు తగినది. పియాస్ట్రి 2023లోను, 2024లోను ఇక్కడి స్ప్రింట్‌లను గెలిచినాడు, రెండవది నోరిస్ తుదిగీత ముందు చోటు విడిచి యిచ్చినది. పెద్ద రేసులు రెండును మాత్రము వెర్‌స్టాపెన్‌వి.

తెలుగువారికి దీనితో నేమి సంబంధమని అడుగువారుందురు. కరీంనగరు, జగిత్యాల, నిజామాబాదు, కడప, గోదావరి ప్రాంతములనుండి జీవనోపాధికై ఖతార్ చేరిన మనవారెందరో కలరు. ఆ దేశపు మెట్రో, వంతెనలు, మేడలు వారి చెమట నెరిగినవి. అక్కడ వారాంతమనగా శుక్ర, శనివారములు, ఆదివారము పనిదినము. కనుక అర్హతాపోటీకి పోగలిగినవానికి అసలు రేసుకు సెలవు దొరకదు. మెట్రో ఎర్రలైను లుసైల్‌లో ముగియును. అక్కడినుండి వలయమునకు బస్సులు నడుపుదురు. టిక్కెట్టు వెల భరింపలేనివారు డ్యూటీ దిగి, గదిలో మంచమునకు సెల్‌ఫోన్ ఆనించి, నలుగురు చేరి చూతురు. మన గడ్డమీద ఈ వేడుక నిలువలేదు. ఢిల్లీ సమీపమున బుద్ధ వలయము 2011 నుండి 2013 వరకు మూడేండ్లు వెలిగి ఆరెను. హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ తీరమున విద్యుత్తు కార్ల ఫార్ములా ఈ రేసు జరిగి, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచెను. మరుసటి యేటి రేసు నెల దినముల ముందే రద్దయ్యెను. ఆ నిర్ణయముల గుణదోషములు ఎట్లున్నను, ఒక్కసారి చూపి లాగివేసిన వేడుక అసలు చూపనిదానికన్న ఎక్కువ బాధించును. ఈ వారాంతమున లుసైల్‌లోనే జరుగు ఫార్ములా 2 పోటీలలో బెంగుళూరు యువకుడు కుష్ మైనీ పాల్గొనుచున్నాడు. ఈ ఏడు మొనాకోలో స్ప్రింట్ గెలిచి, ఆ వీథులలో ఫార్ములా 2 నెగ్గిన తొలి భారతీయుడనిపించుకొన్నాడు. మనవాడెవడైన అక్కడ ఉన్నాడా యని వెదకువారికి అతడే సమాధానము.

ఎవరు గెలుతురని నన్నడిగినచో, వేగమునకు పియాస్ట్రిని, పాయింట్ల బలమునకు నోరిస్‌ను చెప్పుదును. పందెము కాయవలసి వచ్చినచో మాత్రము, ఒక్క కారును మాత్రమే రక్షించుకొనవలసిన వెర్‌స్టాపెన్ మీద కాయుదును. టీవీ ముందు కూర్చుండు పాఠకులకు ఒక్క మనవి. మొదటి మలుపు గడచినది గదా యని లేచిపోవలదు. ఏడవ చుట్టు వరకు కదలక, ఆ సమయమున పసుపుజెండా కనబడినచో బాటను విడిచి పిట్ గోడ మీద చెవులకు యంత్రములు తగిలించుకొని కూర్చున్న మెక్‌లారెన్ పెద్దల వైపు చూడుడు. రేసు 9.30కు మొదలగును, గంటన్నర పట్టును. భోజనము అంతకు ముందే ముగించుకొనుట మంచిది.